చదివితే వచ్చే రక్తం

వోన్ మాస్టారు ఆ కాగితాన్ని పైకెత్తి క్లాసంతటికీ చూపించాడట. లెక్కల పరీక్ష కాగితం. చివరి లెక్క పక్కన చొక్కా గుండీ అంత రక్తపు మరక.

"చూడండ్రా, కష్టపడటమంటే ఇదీ. మీలో ఒక్కడికైనా ఎప్పుడైనా ముక్కులోంచి చుక్క పడిందా?" అని అడిగాడట.

కాగితం దో సేబిన్‌ది. పన్నెండేళ్ల పిల్ల. శీతాకాలం సెలవులు అయిపోగానే మిడిల్ స్కూల్లో చేరాలి. ఈలోపు ఆ స్కూల్లో చెప్పబోయే లెక్కలన్నీ మాస్టారి ట్యూషన్‌లో ముందే చేసేస్తోంది.

ఈ కబురు సాయంత్రానికల్లా ఊళ్లో అందరూ వెళ్లే స్నానశాలకి చేరింది. కొరియా కొండల్లోని మా తెబెక్‌లో ఏ కబురైనా ముందు అక్కడికే వస్తుంది. సేబిన్ వాళ్లమ్మ తాక్ గుమ్రాన్ పనిచేసేది కూడా అక్కడే. ఆడవాళ్ల వైపు, వేడినీళ్ల తొట్టి పక్కన ప్లాస్టిక్ పరిచిన బల్ల ఉంటుంది. దాని మీద పడుకున్న వాళ్ల ఒళ్లు గరుకు గుడ్డ చేతితొడుగుతో రుద్ది, మురికి దులిపి, గిన్నెతో నీళ్లు కుమ్మరించడం ఆవిడ పని.

"అక్కా, మీ అమ్మాయి చదివి చదివి ముక్కులోంచి రక్తం తెప్పించుకుందటగా!" బల్ల మీద బోర్లా పడుకున్న చున్‌హీ అంది. ఆవిడకి బజార్లో జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. "మా వాడికి గేములాడి బొటనవేళ్లు కాయలు కాశాయి గానీ ముక్కు మాత్రం నిక్షేపంలా ఉంది."

"ఇంకేం, డాక్టరు సీటు జేబులో పడ్డట్టే," తొట్టిలో మెడదాకా మునిగి కూర్చున్న బాంగ్ ముసలావిడ అందుకుంది. స్నానశాల ఆవిడదే. "ఏమే సేబిన్ వాళ్లమ్మా, మాకు విందు ఎప్పుడు?"

"ఊఁ," అంది గుమ్రాన్. చున్‌హీ నడుం మీద రెండుసార్లు తట్టింది. ఇటు తిరగమని దానర్థం. చున్‌హీ తిరిగింది.

మావాళ్లకి ఇది గొప్ప. పిల్లకి జ్వరమొస్తే దాస్తారు. పళ్లు పుచ్చితే దాస్తారు. పుస్తకం ముందు కూర్చుని ముక్కులోంచి రక్తం కార్చుకుంటే మాత్రం పక్కింటికి వినపడేలా చెప్పుకుంటారు. పెద్దవాళ్లకీ అంతే. ఆఫీసులో ఎవడికైనా ముక్కు కారి చొక్కా ఎర్రబడితే, పైఅధికారి వచ్చి భుజం తడతాడు. ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడని లెక్క.

గుమ్రాన్ ఇక్కడే పుట్టింది. కొండ వాలున బొగ్గుగని పనివాళ్లకి కట్టిన వరస ఇళ్లలో. ఆమె చిన్నప్పుడు వాగు నల్లగా పారేది. పిల్లలు బొమ్మ గీస్తే వాగుకి నల్లరంగే వేసేవాళ్లు. గనులు మూసేశాక తండ్రి దగ్గుతూ ఇంట్లో కూర్చున్నాడు. ఆమె స్కూలు అయిపోయాక దక్షిణాన ఒక బట్టల మిల్లుకి వెళ్లింది. మిల్లు మూతపడితే తిరిగొచ్చింది. సున్నపురాయి లారీ నడిపే దో హ్యన్‌సిక్‌ని పెళ్లి చేసుకుంది. ఒళ్లు రుద్దే పని అతనికి నచ్చదేమోనని పెళ్లికి ముందే అడిగితే, "నా వీపు కూడా చేరిస్తే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడట. నవ్వించే మనిషి. వాళ్లిద్దరి గురించి ఇంతకంటే చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఇద్దరూ పనికి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు.

ఒక వసంతంలో హ్యన్‌సిక్‌కి లారీ తోలుతుండగా ముక్కులోంచి రక్తం కారింది. స్టీరింగ్ మీద పడింది. తోటి డ్రైవర్లు, "వీడి ముక్కు కూడా ఓవర్‌టైం చేస్తోందిరోయ్," అని ఏడిపించారు. యజమాని కోడి పులుసు తాగించి పంపాడు. గుమ్రాన్ ఎద్దు ఎముకలు రోజంతా మరిగించి ఆ రసం పోసింది. బాగా తిను, ఆదివారమైనా పడుకో అంది. వేసవికి చేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. రాళ్లెత్తే చేతులు, మచ్చలు పడవా అనుకున్నారు. పండ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం కారేది. బ్రష్షు మార్చింది. వోన్జు పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లేసరికి అది రక్తపు క్యాన్సర్ అన్నారు. చాలా దూరం పోయిందన్నారు. ముందటేడాది, ఆకులు రాలే కాలంలో, టమాటాల్లాంటి ఖాకీ పళ్లు తొక్కతీసి ఎండడానికి చూరుకి వేలాడదీసే రోజుల్లో పోయాడు.

అంత్యక్రియలు కాగానే ఆమె మళ్లీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవగా ఎవరూ చూడలేదు. పలకరిస్తే జవాబు చెప్పేది. జోకు వేస్తే, అది జోకని తెలిసి, ఒక క్షణం ఆగి, "ఊఁ" అనేది. బాంగ్ ముసలావిడ మొదట్లో మెల్లగా మాట్లాడేది. తర్వాత అలవాటైపోయి మళ్లీ మామూలుగా తిట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చున్నాక గుమ్రాన్ అడిగింది.

"రక్తం వచ్చిందటగా."

"కొంచెమేనమ్మా. చదువుతుంటే వచ్చింది."

"ఊఁ."

సేబిన్ ముల్లంగి పులుసు గిన్నె ఎత్తి తాగింది. గుమ్రాన్ చేప ముల్లు తీసి కూతురి అన్నం మీద పెట్టింది. ఇద్దరికీ హ్యన్‌సిక్ ముక్కు గుర్తుంది. ఇద్దరూ ఆ మాట అనలేదు. చదివితే వచ్చిందని ఊరంతా అంటోంది కదా, అలాగే ఉండనీ అన్నట్టు తిన్నారు.

మర్నాడు బాంగ్ ముసలావిడ ఒక సీసా చేతిలో పెట్టింది.

"తామర దుంప రసం. పొద్దున్నే పరగడుపున తాగించు. రక్తం గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. మాచిపత్రి ఉంటే నలిపి ముక్కులో కుక్కు. మా అమ్మ మాకు అలాగే చేసేది."

సేబిన్ ఆ రసం తాగి మొహం మాడ్చింది. "బురద తాగినట్టుందమ్మా. బాంగ్ అమ్మమ్మ ఎప్పుడైనా తాగిందా ఇది?"

"తాగు."

రసం తాగినా రక్తం ఆగలేదు. ఆ సంగతి గుమ్రాన్‌కి కూతురు చెప్పలేదు. కోటు ఉతకబోతే తెలిసింది. జేబుల్లో ఉండచుట్టిన టిష్యూ కాగితాలు. కొన్ని ఎర్రవి, కొన్ని ఎండి గోధుమరంగుకి తిరిగినవి. లోపలి జేబులో కూడా ఉన్నాయి. అవన్నీ తీసి చెత్తబుట్టలో వేసింది. పైన కూరగాయ తొక్కలు వేసింది. కోటు మిషన్లో పడేసి బటన్ నొక్కింది. ఏమైనా అనిపించిందా అంటే, ఆమెకి తెలియదు. మిషన్ తిరుగుతుంటే దాని ముందే నిలబడింది. అది ఆగిపోయాక కూడా కాసేపు అక్కడే ఉంది.

సేబిన్ చదువు ఎక్కువైంది. అన్నం తింటూ చదివేది, దొడ్డికి పుస్తకం పట్టుకెళ్లేది. తైక్వాండో క్లాసు నుంచి రాగానే బట్టలైనా మార్చకుండా చలికాలం కింద నుంచి వేడి పెట్టే నేల మీద, పొట్టి బల్ల ముందు కూర్చునేది. వోన్ మాస్టారు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"మీ అమ్మాయిలో ఏదో పట్టుదల వచ్చిందండీ. నాన్నగారు పోయాక పిల్లలు ఇలాగే గట్టిపడతారు. మీరు అదృష్టవంతులు."

"అవునండీ," అంది గుమ్రాన్.

ఆ పిల్ల ఒకటి మాత్రం మానేసింది. స్నానశాలకి రావడం. చిన్నప్పటినుంచీ ఆదివారం వచ్చి తల్లి వీపు రుద్దేది, తల్లి దాని వీపు రుద్దేది. ఇప్పుడు జలుబంటుంది, పరీక్ష అంటుంది. గుమ్రాన్ బలవంతం చెయ్యలేదు.

కొత్త సంవత్సరం పండగ దగ్గర పడింది. పండగకి ముందు ఒళ్లు రుద్దించుకోని ఆడది మా ఊళ్లో ఉండదు. స్నానశాల కిక్కిరిసిపోయింది. బాంగ్ ముసలావిడ ట్యూషన్ నుంచి వస్తున్న సేబిన్‌ని వీధిలోనే పట్టుకుంది.

"ఏమే, పాత ఏడాది మురికితో పండగ చేసుకుంటావా? నడు లోపలికి. జలుబూ లేదు, గిలుబూ లేదు."

గుమ్రాన్ వెనక్కి తిరిగేసరికి కూతురు తువ్వాలు చుట్టుకుని బల్ల పక్కన నిలబడి ఉంది. "పడుకో," అంది.

వీపు రుద్దింది. చేతులు రుద్దింది. నడుం మీద తట్టింది. సేబిన్ వెంటనే తిరగలేదు. మళ్లీ తట్టింది. తిరిగింది.

మోకాళ్ల కింద, ముందువైపు, రెండు కాళ్లకీ కమిలిన మచ్చలు ఉన్నాయి. కొన్ని నీలంగా, కొన్ని పసుపుపచ్చగా.

గుమ్రాన్ చెయ్యి ఆగింది.

"స్కిప్పింగ్ తాడు తగిలిందమ్మా," పైకప్పు చూస్తూ అంది సేబిన్. "తైక్వాండోలో రోజూ స్కిప్పింగే. రెండేసి తిప్పులు తిప్పమంటున్నారు."

"ఊఁ."

మచ్చల మీద గరుకు గుడ్డ తగలకుండా వేళ్లతో సబ్బు రాసింది. రెండో కాలు కూడా పూర్తి చేసింది. నీళ్లు కుమ్మరించింది. గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద పోసుకుని చూసి మరీ కుమ్మరించింది. తర్వాత తొడుగు తీసి బకెట్లో వేసి బాంగ్ ముసలావిడ దగ్గరికి వెళ్లింది.

"పెద్దమ్మా, నేను వెళ్తున్నాను. దీన్ని డాక్టరుకి చూపించాలి."

"ఇప్పుడా? పండగ రద్దీలోనా? ముక్కులోంచి నాలుగు చుక్కలు పడితే పని వదిలేసి పోతారటే ఎవరైనా? చదివే పిల్ల, వస్తుంది. ఇంకో సీసా ఇస్తా, తాగించు."

"వాళ్ల నాన్నకీ మనం ఇలాగే అన్నాం పెద్దమ్మా."

గొంతు పెంచలేదు. అయినా తొట్టిలో కూర్చున్నవాళ్లందరూ విన్నారు. చున్‌హీ తలకి రాసుకుంటున్న షాంపూ కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. బాంగ్ ముసలావిడ పొడి తువ్వాలు తీసి ఇచ్చి, "దాని జుట్టు తడి ఆరనియ్యి, బయట మంచు," అంది.

బస్సెక్కి వెళ్లారు. చెవి ముక్కు గొంతు డాక్టరు పేరు ప్యో. యాభై దాటిన ఆడమనిషి. నుదుటి మీద దీపం, మాటలో తొందర. సేబిన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ముక్కులో చూసింది.

"ఎప్పటినుంచి?"

"ఆకులు రాలినప్పటినుంచి," అంది సేబిన్. గుమ్రాన్ కూతురి వైపు చూసింది. అంత వెనకనుంచి అని ఆమెకి తెలియదు.

"రక్తం వస్తే ఏం చేస్తావ్?"

"తల వెనక్కి వాల్చి, టిష్యూ కుక్కుకుంటాను."

"మరి రక్తం ఎక్కడికి పోతుంది?"

"గొంతులోకి. ఒకసారి వాంతి అయింది. నల్లగా."

"అవుతుంది మరి. కడుపులోకి పోయిన రక్తం ఊరుకోదు. కుక్కిన కాగితం పీకితే పొక్కు కూడా ఊడొస్తుంది, మళ్లీ మొదలు." డాక్టరు తన ముక్కు మీదే చూపించింది. "ఇదిగో, ఈ ఎముక కాదు, దీని కింద మెత్తగా ఉంటుందే, ఇక్కడ. రెండువైపులా కలిపి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. కూర్చుని, తల ముందుకి వంచి. నోటితో ఊపిరి తీసుకో. నోట్లోకి వస్తే ఉమ్మెయ్. పది నిమిషాలు వదలకూడదు. ఆగిందా లేదా అని మధ్యలో వదిలి చూశావో, మొదటికి వస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఇంకో పది. అప్పుడు కూడా కారుతుంటే ఆసుపత్రికి రావాలి. ముక్కులో వేలు పెడతావా?"

సేబిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అందరూ పెడతారులే. నేను చూసిన ముక్కుల్లో పెట్టనివాళ్లు లేరు."

"లోపల ఎండిపోయి పొక్కు కడుతుంది. ఊపిరాడదు. అందుకని తీస్తాను."

"అదీ సంగతి. ఎడమ ముక్కులో, మధ్యగోడ మీద ముందువైపు సన్నటి రక్తనాళాలు పైకే తేలి ఉన్నాయి. చర్మం ఎండి పగిలింది. మీ ఇంట్లో నేల ఎంత వేడి పెడతారండీ?"

"అరికాళ్లు కాలేంత," అంది గుమ్రాన్. "దీని నాన్నకి చలి ఎక్కువగా ఉండేది, జబ్బులో. తర్వాత తగ్గించలేదు."

డాక్టరు రాస్తున్న చెయ్యి ఆపింది. "ఏం జబ్బు?"

గుమ్రాన్ చెప్పింది. ముక్కు దగ్గర మొదలైందని, చిగుళ్లు, మచ్చలు, అన్నీ వరసగా చెప్పింది. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. సేబిన్ తన బూట్ల కొసలు చూసుకుంటూ కూర్చుంది. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, పిల్ల చిగుళ్లు చూసింది, మెడ తడిమింది, పొట్ట నొక్కింది, ప్యాంటు పైకెత్తి కాళ్లు చూసింది. చేతులు, వీపు చూసింది.

"మచ్చలు కాళ్ల ముందువైపే ఉన్నాయి. ఆడే పిల్లలకి అక్కడే ఉంటాయి. జ్వరం లేదు, చిగుళ్లు బాగున్నాయి. మీవారి జబ్బు తండ్రి నుంచి పిల్లకి వచ్చే రకం కాదు, చాలావరకు. నేను చూసినంతలో ఇది ఎండిపోయిన ముక్కే." చీటీ అందుకుంది. "అయినా రక్తం పరీక్ష చేయిద్దాం. నేను ఎంత చెప్పినా మీరిద్దరూ నమ్మరు."

"చదివితే వచ్చిందన్నారు అందరూ," అంది గుమ్రాన్.

"చదివితే రాదండీ. వస్తే డాక్టరు చదువులో మేమందరం చచ్చిపోయేవాళ్లం. నిద్రలేక, వేడి గదిలో కూర్చుని, ముక్కు గీక్కుంటే వస్తుంది."

పగిలినచోట మందు పుల్లతో తాకించింది. సేబిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున, రాత్రి ముక్కు లోపల రాయడానికి మెత్తటి లేపనం ఇచ్చింది. నేల వేడి తగ్గించి, గదిలో తడి తువ్వాళ్లు ఆరేయమంది. రక్తం ఇంకా ఒకటి రెండుసార్లు రావచ్చు, భయపడకండి అంది. పక్క వీధిలో ఆసుపత్రికి వెళ్లి సేబిన్ రక్తం ఇచ్చింది. రేపు ఫోన్ చేస్తామన్నారు.

తిరుగు బస్సులో వెనక సీట్లో కూర్చున్నారు. అద్దం నిండా ఆవిరి.

"అమ్మా, పరీక్షలో చెడ్డది వస్తే?"

గుమ్రాన్ అరచేత్తో అద్దం మీది ఆవిరి తుడిచింది.

"నేను రోజూ చదువుతూనే ఉన్నాగా," సేబిన్ అంది. "చదువుతుండగా వస్తే అది చదివినందుకే వచ్చినట్టు. ఊరికే కూర్చున్నప్పుడు వస్తే... నాన్నది. అందుకే ఊరికే కూర్చోలేదు. నిద్దర్లో వచ్చినప్పుడు కూడా వెంటనే లేచి పుస్తకం తీసేదాన్ని."

బస్సు మలుపు తిరిగింది. గుమ్రాన్ చేతిసంచిని ఒళ్లోంచి తీసి కింద పెట్టింది. కూతురి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. దూది అంటించిన మోచేయి మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. సూది గుచ్చినచోట రక్తం ఎప్పుడో ఆగిపోయింది. అయినా దిగేదాకా నొక్కే ఉంచింది.

మర్నాడు ఫోన్ మోగేసరికి ఆమె బల్ల దగ్గర ఉంది. చున్‌హీ వాళ్ల అత్తగారి వీపు సగం అయింది. ఫోన్ బట్టలు మార్చుకునే గదిలో మోగుతోంది. లోపలికి వినిపిస్తోంది. గుమ్రాన్ రుద్దుతూనే ఉంది.

"ఏయ్, నీ ఫోనే," బాంగ్ ముసలావిడ తలుపు దగ్గర నిలబడి అంది. "తియ్యవేం?"

"ఈ వీపు అయ్యాక."

"వీపు ఎక్కడికీ పోదు!" బల్ల మీది ముసలామె తల ఎత్తి అరిచింది. "నా వీపు డెబ్బై ఏళ్లుగా నాతోనే ఉంది. పో!"

తడి చేతులతో వెళ్లి తీసింది. అవతల నర్సు గబగబా చెప్పింది. తెల్ల రక్తకణాలు సరిపడా ఉన్నాయట, గడ్డకట్టే కణాలు కూడా సరిపడా ఉన్నాయట, కొంచెం రక్తం తక్కువగా ఉంది, మాంసం, పాలకూర పెట్టండి అంది. ఇంకేమీ లేదు అంది.

"ఇంకేమీ లేదా?"

"లేదండీ."

"అలాగేనండీ."

తిరిగి వచ్చి, తొడుగు వేసుకుని, మిగిలిన సగం వీపు రుద్దింది. అందరూ ఆమె మొహం చూస్తున్నారు. అక్కడ చూసేందుకేమీ కనిపించలేదు. చివరికి బాంగ్ ముసలావిడే ఆగలేకపోయింది.

"ఏమన్నారే?"

"ఎండిపోయిన ముక్కట."

"అంతేనా?"

"అంతే."

"ఓసి నీ మొహం మండా! ఆ మాట రాగానే చెప్పొచ్చుగా!" అని ముసలావిడ చేతిలో గిన్నెడు నీళ్లు ఆమె కాళ్ల మీద కుమ్మరించింది. చున్‌హీ వాళ్ల అత్తగారు బోర్లా పడుకునే గట్టిగా ఏడ్చింది. ఎందుకో ఆవిడకే తెలియాలి. గుమ్రాన్ ఆవిడ నడుం మీద రెండుసార్లు తట్టింది.

ఇంటికి వెళ్లి నేల వేడి మీట తగ్గించింది. రెండు చలికాలాలుగా కదలని మీట, కొంచెం బిగుసుకుంది. ఆ రాత్రి ఇద్దరూ ఒకే దుప్పటి కింద ముడుచుకున్నారు. తాడు మీద తడి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

పండగ వెళ్లిన ఆదివారం సేబిన్ పొద్దున్నుంచి దుప్పటి కప్పుకుని టీవీ ముందే పడుకుంది. కమలాపండ్లు తింటూ, తొక్కలు పక్కన గుట్ట పోస్తూ కార్టూన్లు చూసింది. మధ్యాహ్నం దాటాక పిలిచింది.

"అమ్మా."

గుమ్రాన్ వంటింట్లోంచి వచ్చింది. పిల్ల ముక్కు కింద ఎర్రటి గీత. కింద కూర్చుని, దాని తల ముందుకి వంచి, డాక్టరు చూపించినచోట వేళ్లతో నొక్కి పట్టుకుంది. గోడ గడియారం వైపు చూసింది.

"ఇవాళ పుస్తకం ముట్టుకోలేదమ్మా," సేబిన్ మూసుకుపోయిన ముక్కుతో అంది.

"చూశాను."

"ఊరికే పడుకున్నాను. అయినా వచ్చింది."

"వస్తుందని చెప్పిందిగా డాక్టరు."

"ఊఁ."

టీవీలో ఎవరో ఎవరినో తరుముతున్నారు. ఇద్దరూ దాన్నే చూశారు. గుమ్రాన్ మధ్యలో ఒక్కసారి కూడా వేళ్లు వదల్లేదు. సమయం అయ్యాక తీసింది. ఇంకో చుక్క రాలేదు. తడి గుడ్డతో పెదవి మీద తుడిచింది.

"రేపు వోన్ మాస్టారి క్లాసు ఉంది," సేబిన్ అంది.

"మానెయ్."

"ఎందుకు రాలేదని అడుగుతాడు."

"నిద్రపోయానని చెప్పు."